పలచని పర్సు: పొరల లెక్క, జేబు, భద్రత

కార్డులు, కరెన్సీ నోట్లు, గుర్తింపు పత్రాలు ఒంటిమీద పెట్టుకు తిరగడానికి వీలుగా, మందం వీలైనంత తగ్గించి, లోపలివి జారిపోకుండా తయారుచేసేది పలచని పర్సు. నింపిన తర్వాత కూడా సెంటీమీటరు దాటకపోతే దాన్ని ఈ కోవలో చేర్చవచ్చు. మామూలు తోలు పర్సు ఉబ్బడానికి లోపలి సొమ్మే కారణమనుకుంటాం గాని, కొలిచి చూస్తే అందులో ఎక్కువ భాగం తోలే. అందుకే దీని రూపకల్పన అంతా ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఏ చోట ఎన్ని పొరలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి? అంగళ్లలో గట్టిగా వినిపించే రేడియో తరంగాల రక్షణ వంటి మాటల వంతు ఆ తర్వాతే.

పూర్వరంగం

జేబులేని బట్టలు కట్టిన కాలంలో తెలుగునాట మగవాళ్లు డబ్బు పంచె రొంటిన దోపుకునేవారు. ఆడవాళ్లు కొంగు చివర ముడి వేసేవారు, లేదా బొడ్లో దోపుకునేవారు. రాయలసీమలో ఆకూ వక్కా పెట్టుకునే సంచిలోనే చిల్లరకూ చోటుండేది. తాడు లాగితే మూతి ముడుచుకునే ఆ సంచీ, హైదరాబాదు బటువా ఒక కుదురువే. ఇవన్నీ నాణేల కోసం పుట్టినవి. నాణేన్ని మడవలేం, నలపలేం, కాబట్టి దాన్ని దాచే సంచికి ఫలానా ఆకారం ఉండాలన్న నియమం లేదు. కాగితం డబ్బు అలా కాదు, అది నలుగుతుంది, తడుస్తుంది, చిరుగుతుంది. 1861 నాటి కాగితపు కరెన్సీ చట్టం తర్వాత బ్రిటిషు ఇండియాలో ప్రభుత్వ నోట్లు చెలామణిలోకి వచ్చాయి. పెద్ద మొత్తాలను ఒంటిమీద మోసుకెళ్లడానికి జంకి, నోటును నడిమికి రెండుగా కత్తిరించి, మొదటి సగం చేరిందని కబురు వచ్చాకే రెండో సగాన్ని టపాలో పంపే అలవాటు అప్పట్లో ఉండేది. ఎంత మంచి పర్సూ ఇవ్వలేని భద్రత అది.

పర్సుకు నేటి ఆకారం ఇచ్చింది మాత్రం నోటు కాదు, కార్డు. 1950లో అమెరికాలో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డు అట్టముక్క. 1959లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ప్లాస్టిక్ కార్డు తెచ్చింది. తర్వాత అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7810 కార్డు కొలతలను స్థిరపరచింది: పొడవు 85.60 మిల్లీమీటర్లు, వెడల్పు 53.98, మందం 0.76, మూలల గుండ్రం 3.18. ఏటీఎం కార్డు, పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, హైదరాబాదు మెట్రో కార్డు అన్నీ ఈ కొలతవే. ప్రపంచంలో ఏ మూల ఎవరు పర్సు కుట్టినా మొదట గీసుకునేది ఈ దీర్ఘచతురస్రాన్నే.

కొలతకు లొంగనిది మన పాత ఆధార్. టపాలో వచ్చిన ఉత్తరం అడుగుభాగాన్ని కత్తిరించి వీధి చివరి జిరాక్సు షాపులో లామినేషన్ చేయిస్తే, చుట్టూ మిగిలే ప్లాస్టిక్ అంచు వల్ల అది కార్డు అరలో పట్టదు. అంచు కత్తిరిస్తే లామినేషన్ విడిపోయి లోపలికి చెమ్మ చేరుతుంది. 2020లో విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ బ్యాంకు కార్డు సైజులో పీవీసీ ఆధార్ ఇవ్వడం మొదలుపెట్టాక ఈ చిక్కు తీరింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. బస్సెక్కగానే కండక్టరుకు చూపాల్సిందల్లా గుర్తింపు కార్డు కావడంతో, చాలామంది ఆడవాళ్ల పర్సుల్లో పైఅర ఆధార్‌కు దక్కింది. రోజూ తీసేది పైన, ఎప్పుడో తీసేది అడుగున అన్నది పర్సు కుట్టేవారికి పాత సూత్రమే. పైన ఉండాల్సిన కార్డేదో ఊరూరికీ మారుతుంది.

నోటు మడత

నోటుకు ప్రపంచ ప్రమాణం లేదు. అమెరికాలో ఒక డాలరు నుంచి వంద డాలర్ల దాకా అన్నీ ఒకే సైజు, సుమారు 156 మిల్లీమీటర్ల పొడవు, 66 వెడల్పు. యూరో నోట్లు విలువను బట్టి పెరుగుతాయి. యాభై యూరోల నోటు 140 పొడవు, 77 వెడల్పు. మన కొత్త మహాత్మా గాంధీ శ్రేణిలో అయిదువందల నోటు 150 పొడవు, 66 వెడల్పు. రెండువందలది 146, వందది 142, యాభైది 135 పొడవు, మూడింటికీ వెడల్పు 66. ఇరవై, పది నోట్లు 63 వెడల్పుతో ఇంకాస్త చిన్నవి. 2016 నవంబరులో రద్దయిన పాత అయిదువందల నోటు 167 పొడవు, 73 వెడల్పు. వెయ్యి నోటు 177 పొడవు.

ఈ అంకెలు పర్సును నేరుగా తాకుతాయి. కొత్త అయిదువందల నోటును నడిమికి మడిస్తే 75, 66 కొలతల ముక్క అవుతుంది. కార్డు వెడల్పు 54 కాబట్టి పన్నెండు మిల్లీమీటర్లు పైకి పొడుచుకొస్తుంది. అదే నోటును మూడు భాగాలుగా మడిస్తే 50, 66 అవుతుంది, అడ్డంగా తిప్పితే కార్డు నీడలో పూర్తిగా ఒదిగిపోతుంది. పాత అయిదువందలది మూడు భాగాలుగా మడిచినా 55.7 వచ్చేది, కార్డును దాటేది. నోట్ల సైజు తగ్గడం వల్ల, కార్డు కంటే కొంచెమే పెద్దదైన పర్సులో అయిదువందల నోటు పట్టించడం 2016 తర్వాతే కుదిరింది. దీనికీ మూల్యం ఉంది. మడత పెరిగితే మందం పెరుగుతుంది. నోటు మందం సుమారు 0.1 మిల్లీమీటరు అనుకుంటే, పది నోట్లు సగానికి మడిస్తే ఇరవై పొరలు, 2 మిల్లీమీటర్లు. మూడుగా మడిస్తే ముప్పై పొరలు, 3 మిల్లీమీటర్లు. ఇది బ్యాంకు కట్టలోంచి తీసిన పెళపెళలాడే నోట్ల లెక్క. రైతుబజారులో చేతులు మారి నలిగిన పది రూపాయల నోట్లయితే పొరల మధ్య గాలి చేరి దీనికి రెట్టింపు దాకా పోతుంది.

ఒక పర్సును కోసి చూస్తే

అంగట్లో దొరికే మామూలు రెండు మడతల తోలు పర్సులో ఒక సగాన్ని తీసుకుందాం. బయటి తోలు 1.2 మిల్లీమీటర్లు. నోట్ల అరకు లోపలి గోడ 0.8. దాని మీద మూడు కార్డు అరలు, ఒక్కొక్కటి 0.8 చొప్పున 2.4. మొత్తం తోలు 4.4. మూడు కార్డులు 2.28. కలిపితే 6.68. పర్సు మడిచినప్పుడు రెండు సగాలు ఒకదాని మీద ఒకటి వస్తాయి, అంటే 13.36 మిల్లీమీటర్లు. ఇందులో ఆరు కార్డుల వాటా 4.56 మాత్రమే, మిగిలిన 8.8 తోలు. మూడింట రెండు వంతులు పర్సు తనను తానే మోసుకుంటోందన్నమాట. పది నోట్లు పెడితే పదిహేను దాటుతుంది. చిల్లర కోసం బటన్ జేబు కూడా ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

అదే నమూనాను 0.1 మిల్లీమీటరు నైలాను గుడ్డతో కుడితే రెండు వైపులా కలిపి గుడ్డ ఒక మిల్లీమీటరు, కార్డులు 4.56, మొత్తం 5.56. నోట్లతో 7.56. ఒక్క కార్డు కూడా తీసెయ్యకుండా మందం సగమైంది. అక్కడి నుంచి కిందికి దిగడం కష్టం. కార్డు సైజు పర్సులో ఆరు కార్డులు ఒకే దొంతరగా పేరిస్తే 4.56 కంటే తగ్గే మార్గం లేదు. తగ్గించాలంటే కార్డులను పక్కపక్కన పరవాలి, అప్పుడు పర్సు పొడుగవుతుంది. కోటు లోపలి జేబులో పెట్టే పొడుగాటి పర్సుల మర్మం ఇదే, పలచగానే ఉంటాయి గాని ప్యాంటు జేబులో పట్టవు. మందం, విస్తీర్ణం రెండూ ఒకేసారి తగ్గాలంటే కార్డులు తగ్గించుకోవడమే దారి. ఆ పని పర్సు కొన్నవాడు చేయాలి, కుట్టినవాడు చేయలేడు.

పాత కార్డుల మీద ఉబ్బెత్తు అంకెలు ఉంటాయి, దాదాపు అర మిల్లీమీటరు ఎత్తున. ఒక కార్డు అంకెలు ఇంకోదాని వీపుకు తగిలి దొంతరను విడదీస్తాయి. ఇప్పుడు చాలా బ్యాంకులు అంకెలను నున్నగా అచ్చువేస్తున్నాయి. పర్సుల వాళ్లు అడక్కుండానే దొరికిన మేలు ఇది.

తోలు, గుడ్డ, లోహం

తోలు పర్సులో పనితనం కనబడేది అంచుల దగ్గర. తోలును లోపలికి మడిచి కుడితే అక్కడ పొరలు రెట్టింపవుతాయి. అందుకని మడతపడే చోట ముందుగానే కత్తితో చెక్కి పలచన చేస్తారు. మడవకుండా కోసిన అంచుకే రంగు పూసి నున్నగా రుద్దడం రెండో పద్ధతి. ఇది పలచగా వస్తుంది గాని నాణ్యత లేని రంగయితే కొన్నాళ్లకు పెళుసెక్కి రాలిపోతుంది. కార్డు అరల్లో కంటికి కనబడే పట్టీ మాత్రమే తోలు పెట్టి, లోపల దాగే భాగమంతా పలచని గుడ్డ వేయడం మంచి పనివాళ్ల పద్ధతి. కొనేటప్పుడు అరలో వేలు పెట్టి తడిమితే ఇది తెలిసిపోతుంది.

తోలుకు బలం పైపొరలో ఉంటుంది, అడుగుపొర వదులు. మందపాటి తోలును అడుగు నుంచి చీల్చి పలచన చేస్తూ పోతే ఒక దశలో సాగడం మొదలవుతుంది. తక్కువ మందంలోనూ గట్టిగా ఉండే కంగారూ తోలును కొందరు తయారీదారులు ఎంచుకోవడం ఇందుకే. చెట్ల బెరడుతో పదును చేసిన తోలు బిగువుగా, ఆకారం చెడకుండా ఉంటుంది. దక్షిణ భారతంలో ఈ పనికి ఒకప్పుడు తంగేడు చెక్కనే విరివిగా వాడారు, తంగేడు పువ్వు ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. క్రోమియం లవణాలతో పదును చేసినది మెత్తగా, నీటికి తట్టుకునేలా ఉంటుంది. ఏ తోలైనా ఒక దోషం తప్పదు: ఒక అరలో మూడు కార్డులు కుక్కి ఆర్నెల్లు ఉంచితే తోలు సాగుతుంది, తర్వాత ఒక్క కార్డు పెడితే తలకిందులు చేయగానే జారిపడుతుంది. రెక్సిన్ పర్సుకు ఆ దశ రాదు, అంతకంటే ముందే పైపూత పొలుసులుగా ఊడుతుంది.

గుడ్డల్లో తెరచాపలకు, పారాచూట్లకు వాడే చిరగని నైలాను, పాలిథిలీన్ పోగులను వేడితో అతికించిన కాగితంలాంటి టైవెక్ ప్రసిద్ధం. రెండూ పలచన, తేలిక, నీటికి చెడవు. నునుపే వీటి లోపం. ఆటోలో ఒరిగి కూర్చుంటే తోలు పర్సు జేబు గుడ్డను పట్టుకుని ఉంటుంది, నైలానుది సీటు సందులోకి జారిపోతుంది. భద్రత అనగానే జేబుదొంగలే గుర్తొస్తారు గాని, ఈ జారుడుకూ లెక్కలో చోటుండాలి.

లోహపు పర్సులు వేరే తోవ పట్టాయి. వీటిలో అరలే ఉండవు. నెదర్లాండ్స్‌కు చెందిన సెక్రిడ్ సంస్థ అల్యూమినియం డబ్బాలో కార్డులు పేర్చి, అడుగున మీట నొక్కితే అవి మెట్లుమెట్లుగా పైకి వచ్చేలా చేసింది. అమెరికాలో 2013లో జనం చందాలతో మొదలైన రిడ్జ్ రెండు లోహపు పలకల మధ్య కార్డులను ఎలాస్టిక్‌తో బిగించింది. పొరల లెక్కలో రెండోది తెలివైనది. కార్డుకూ కార్డుకూ మధ్య ఏమీ లేదు, ఎన్ని పెడితే అంతే మందం. పలకలు గట్టివి కాబట్టి కార్డులు వంగవు. స్పర్శ లేని చెల్లింపు కార్డులో అంచు వెంబడి సన్నని తీగ చుట్ట ఉంటుంది. వెనక జేబులో కూర్చుని కూర్చుని కార్డు వంగితే ఆ తీగ తెగి, చిప్పు పనిచేస్తున్నా తాకించి చెల్లించడం ఆగిపోతుంది. పలకల మధ్య ఉంటే ఆ బాధ లేదు. ప్రతికూలతలూ ఉన్నాయి: అదే జేబులో ఫోను ఉంటే గీతలు పడతాయి, ఎలాస్టిక్ ఏనాటికైనా సాగుతుంది, కావలసిన కార్డు కోసం మొత్తం దొంతర బయటికి తీయాలి. నోట్లకు బయట క్లిప్పే దిక్కు. జనంలో డబ్బు అందరికీ కనబడేలా పట్టుకోవడం మన బజార్లకు నప్పే పద్ధతి కాదు.

ఏ జేబులో

ప్యాంటు వెనక జేబులో లావుపాటి పర్సు పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటే నడుము ఒక పక్కకు ఒరుగుతుంది, పిరుదు కండరం కింది నుంచి వెళ్లే సయాటికా నరం నలుగుతుంది. 1978లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో క్రెడిట్ కార్డుల పర్సు వల్ల వచ్చే సయాటికా గురించి ప్రచురించారు. రోజంతా బండి నడిపే డ్రైవర్లకు ఇది ఇవాళ్టికీ పనికొచ్చే సమాచారమే. పర్సు ముందు జేబులోకి మారితే నడుముకూ మంచిదే, దొంగకూ అందదు. ముందు జేబుకు సరిపడేంత పలచన చేయడమే పర్సుకు చేయగల అతి పెద్ద భద్రతా మార్పు అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. జాతరలో గాని, కిక్కిరిసిన బస్సులో గాని జేబుదొంగ బ్లేడు పెట్టేది ఉబ్బు కనిపించిన చోటే.

తెలుగు మగవాళ్లలో మరో అలవాటు చొక్కా జేబు. పంచె కట్టేవారికి అదొక్కటే జేబు, వంగితే అన్నీ కింద పడతాయి. బనీనుకు, నిక్కరుకు లోపల కుట్టించుకునే జేబు దీనికి విరుగుడు. సంతకు పోయే రైతుకు అది పర్సు కంటే నమ్మకమైనది. ఆడవాళ్ల బట్టల్లో జేబు కుట్టడం ఈమధ్యే పెరుగుతోంది. రవికెలో దోపుకునే చిన్న జిప్పు పర్సు పలచగా ఉండక తప్పదు, పైగా చెమటను తట్టుకోవాలి. మన నోట్లు నూలు గుజ్జుతో తయారైనవి, చెమ్మ పీలుస్తాయి. ఈ అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైన ఖరీదైన పర్సులు లేవనే చెప్పాలి, పలచని పర్సుల ప్రచారమంతా ప్యాంటు జేబు చుట్టూనే.

తరంగాల భయం, అసలు ప్రమాదం

స్పర్శ లేని కార్డులో బ్యాటరీ ఉండదు. యంత్రం 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర సృష్టించే అయస్కాంత క్షేత్రం కార్డులోని తీగచుట్టలో విద్యుత్తు పుట్టిస్తుంది, దాంతో చిప్పు మేల్కొంటుంది. దూరం కొద్ది సెంటీమీటర్లే. మధ్యలో పలచని అల్యూమినియం రేకు అడ్డుపడినా ఆ క్షేత్రం రేకులోనే సుడిప్రవాహాలుగా ఖర్చయిపోతుంది. అంటే రక్షణపొర నిజంగానే పనిచేస్తుంది, పైగా చవక. అసలు అవసరమెంత అన్నదే ప్రశ్న. దొంగ యంత్రం జేబుకు ఆనించినా దొరికేది కార్డు నంబరు, గడువు తేదీ వంటివి. వెనక అచ్చయిన మూడంకెల సంఖ్య దొరకదు. ప్రతి చెల్లింపుకూ చిప్పు కొత్త సంకేతం తయారుచేస్తుంది, పాతదాన్ని మళ్లీ వాడలేరు. రెండు కార్డులు ఒకేసారి ఎదురైతే చెల్లింపు యంత్రాలు ఒకటే చూపమని నిరాకరిస్తాయి, దొంతరలోని కార్డులు ఒకదానికొకటి కాపలా.

భారతదేశంలో పిన్ లేకుండా తాకించి చెల్లించే పరిమితి 2021 జనవరి 1 నుంచి అయిదువేల రూపాయలు, అంతకు ముందు రెండువేలు. ఈ సౌకర్యాన్ని ఖాతాదారే ఆపుకునే, తెరుచుకునే వీలుండాలని రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో బ్యాంకులను ఆదేశించింది. యాప్‌లో ఒక మీట నొక్కితే రేకు చేసే పనే జరుగుతుంది. రక్షణపొర వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది: పర్సు తీయకుండానే మెట్రో గేటుకు తాకించే సుఖం పోతుంది. అందుకే ఆలోచించి చేసిన పర్సుల్లో బయటి అర ఒకదానికి రేకు వేయరు.

పర్సుకు పెట్టే అయస్కాంతపు మూత వేరే సంగతి. చిప్పుకు దానివల్ల ప్రమాదం లేదు. కార్డు వెనకుండే అయస్కాంతపు నల్లపట్టీ మీద రాసిన సమాచారం చెరగవచ్చు. బ్యాంకు కార్డుల పట్టీ కాస్త గట్టిది, హోటలు గది తాళంకార్డులది బలహీనం. మన బ్యాంకులు 2018 చివరికల్లా చిప్పు కార్డులకు మారాలన్నది గడువు. మాస్టర్‌కార్డ్ 2033 నాటికి నల్లపట్టీకి పూర్తిగా స్వస్తి చెబుతానని ప్రకటించింది.

పర్సులో ఉన్న అంకెలు ఎంత దూరం పోగలవో చూపే ఉదంతం 1938 నాటిది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం లాక్‌పోర్ట్ ఊరి ఇ.హెచ్. ఫెరీ కంపెనీ, తన పర్సుల్లో సామాజిక భద్రత కార్డు చక్కగా పడుతుందని చూపడానికి ప్రతి పర్సులో ఒక నమూనా కార్డు పెట్టింది. దాని మీద అచ్చువేసింది కంపెనీ ఉద్యోగిని ఒకరి అసలు నంబరు. ఎర్ర సిరాతో, అసలు కార్డులో సగం సైజులో, నమూనా అని రాసి ఉన్నా లాభం లేకపోయింది. వూల్‌వర్త్ దుకాణాల్లో పర్సు కొన్నవాళ్లు అది తమ నంబరే అనుకున్నారు. 1943లో 5,755 మంది దాన్ని వాడుతున్నట్లు తేలింది. ఏళ్ల తరబడి మొత్తం నలభై వేల మందికి పైగా వాడారు. ప్రభుత్వం ఆ నంబరు రద్దుచేసి ఆమెకు కొత్తది ఇవ్వాల్సి వచ్చింది.

మన పర్సుల్లో దీనికి దగ్గర పోలిక పిన్ రాసిన చీటీ. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పు లేకుండా మోసం జరిగి, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే నష్టం అతని మీద పడదు. పిన్ బయటపెట్టడం వంటి నిర్లక్ష్యమైతే ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టమంతా అతనిదే. ఏ రేకూ ఈ చీటీకి అడ్డుపడదు. లైసెన్సు, ఆర్సీ డిజీలాకర్‌లో చూపినా చెల్లుతాయని కేంద్రం 2018లో రాష్ట్రాలకు తెలిపింది కాబట్టి ఆ రెండు కార్డులూ ఇంట్లో వదిలేయవచ్చు. పోయిన పర్సులో ఎన్ని తక్కువుంటే తిరిగి తెచ్చుకోవాల్సినవీ అన్ని తక్కువ.

చిల్లర, ఫోను

ఏ పలచని పర్సూ సరిగ్గా జయించలేనిది నాణెం. పది రూపాయల బిళ్ల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. రెండు మూడు పడితే ఒక్కచోట చేరి ఆ మేర పర్సును ఉబ్బిస్తాయి, కార్డుల మీద వాటి అచ్చు దిగుతుంది. యూపీఐ వచ్చాక టీకొట్టులోనూ ఫోనే చాలుతోంది. నోట్ల అరను తీసేసి, మడిచిన రెండు నోట్లకు చిన్న సందు మాత్రం ఉంచే నమూనాలు పెరగడానికి ఇదీ ఒక కారణమే.

పోయిన పర్సును వెతికిపెట్టే బిళ్లలు మందం సమస్యను మళ్లీ తెచ్చాయి. 2021లో వచ్చిన ఆపిల్ ఎయిర్‌ట్యాగ్ మందం 8 మిల్లీమీటర్లు, పది కార్డుల దొంతర 7.6. పలచని పర్సులో అది పడితే ఇక పలచదనం లేనట్లే. కార్డు ఆకారంలో రెండు మూడు కార్డులంత మందంతో వచ్చిన బిళ్లలు దీనికి మేలు, కాకపోతే వాటిలో చాలావాటికి బ్యాటరీ మార్చే వీలు లేదు. 2020లో ఆపిల్ ఫోను వెనక అయస్కాంతంతో అతుక్కునే పర్సు తెచ్చింది, మూడు కార్డులు పడతాయి, అయస్కాంతం నుంచి వాటికి లోపల రక్షణపొర ఉంది. మన బజార్లలో దీనికి చాలా ముందునుంచే పుస్తకంలా తెరుచుకునే ఫోను కవర్లు ఉన్నాయి, వాటి రెప్పలో రెండు కార్డులు, ఒక మడిచిన నోటు పడతాయి. ఫోను పోతే అవీ దానితోపాటే పోతాయి, బ్యాంకుకు ఫోను చేసి కార్డు ఆపించడానికి పక్కవాళ్ల ఫోను అడగాలి.